అలబామా క్రిస్టియన్ మూవ్‌మెంట్ ఫర్ హ్యూమన్ రైట్స్

అలబామా క్రిస్టియన్ మూవ్‌మెంట్ ఫర్ హ్యూమన్ రైట్స్ (మానవ హక్కుల కొరకు అలబామా క్రైస్తవ ఉద్యమం) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అలబామా రాష్ట్రానికి చెందిన బర్మింగ్‌హామ్ నగరంలో 1956లో ఏర్పడిన పౌరహక్కుల సంస్థ. నల్లజాతీయుల చర్చిలు దీనికి ఆధారం. బెతెల్ బాప్టిస్టు చర్చి పాస్టరు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ దీని స్థాపకుడు, 1969 వరకు అధ్యక్షుడు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పాల్గొన్న బర్మింగ్‌హామ్ పోరాటానికి స్థానికంగా పునాది వేసినది ఈ సంస్థయే.

నేపథ్యం

బర్మింగ్‌హామ్ ఇనుము, ఉక్కు పరిశ్రమలకు పేరొందిన నగరం. ఇక్కడ బస్సులు, పాఠశాలలు, ఉద్యానవనాలు, భోజనశాలలు, మంచినీటి కుళాయిలు సైతం నల్లవారికి, తెల్లవారికి వేర్వేరుగా ఉండేవి. నల్లజాతీయుల ఇళ్లపై తరచు బాంబుదాడులు జరగడం వలన నగరానికి "బాంబింగ్‌హామ్" అనే పేరు వచ్చింది. 1956 జూన్ 1న ఎన్.ఎ.ఎ.సి.పి. అనే జాతీయ పౌరహక్కుల సంస్థ అలబామాలో పనిచేయరాదని రాష్ట్ర న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చింది. సంస్థను నిషేధించవచ్చును గాని స్వాతంత్ర్య కాంక్షను నిషేధించలేరని భావించిన షటిల్స్‌వర్త్, జూన్ 5న సార్డిస్ బాప్టిస్టు చర్చిలో సభ జరిపి ఈ కొత్త సంస్థను ప్రారంభించాడు.

పనివిధానం

ప్రతి సోమవారం రాత్రి ఏదో ఒక చర్చిలో సామూహిక సభ జరిగేది. ప్రార్థన, కీర్తనలు, ప్రసంగం, చందాల సేకరణ, తరువాతి కార్యక్రమ ప్రకటన ఇందులో భాగాలు. సంస్థకు స్వంత గాయక బృందం కూడా ఉండేది. సభలలో పోగైన చందాలే కోర్టు వ్యాజ్యాలకు ఆధారమయ్యేవి. నల్లజాతి పోలీసులను నియమించాలన్నది తొలి కోరికలలో ఒకటి. అది 1966లో గాని నెరవేరలేదు.

ముఖ్య ఘటనలు

1956 డిసెంబరు 25 రాత్రి షటిల్స్‌వర్త్ ఇంటిని బాంబుతో కూల్చివేశారు. ప్రాణాలతో బయటపడిన ఆయన మరునాడే అనుచరులతో కలిసి బస్సులో తెల్లవారికి కేటాయించిన సీట్లలో కూర్చున్నాడు. 1957 సెప్టెంబరులో తన కుమార్తెలను తెల్లవారి ఉన్నత పాఠశాలలో చేర్పించబోగా ఒక మూక ఆయనను గొలుసులతో కొట్టింది. ఆయన భార్య కత్తిపోటుకు గురయింది. 1958 జూన్ 29న బెతెల్ చర్చి వద్ద పెట్టిన బాంబును కాపలా ఉన్న స్వచ్ఛంద సేవకులు చేతులతో ఎత్తి వీధిలోకి తరలించి చర్చిని కాపాడారు. ఉద్యానవనాలలో వివక్ష చెల్లదని న్యాయస్థానం 1961లో తీర్పు ఇవ్వగా, నగర పాలకులు 1962లో వాటిని అందరికీ మూసివేశారు.

1963 పోరాటం

షటిల్స్‌వర్త్ ఆహ్వానంపై కింగ్ నాయకత్వంలోని సంస్థ 1963 ఏప్రిల్ 3న ఇక్కడ పోరాటం ఆరంభించింది. ఏప్రిల్ 12న అరెస్టయిన కింగ్, నిరసనలను తప్పుపట్టిన ఎనిమిది మంది తెల్లజాతి మతాధికారులకు సమాధానంగా జైలు నుండి ప్రసిద్ధమైన లేఖ రాశాడు. మే 2 నుండి వేలాది విద్యార్థులు ఊరేగింపులలో పాల్గొన్నారు. పోలీసు శాఖాధిపతి బుల్ కానర్ వారిపై కుక్కలను, అగ్నిమాపక యంత్రాల నీటిధారలను ప్రయోగించాడు. ఆ ధారల తాకిడికి షటిల్స్‌వర్త్ ఆసుపత్రి పాలయ్యాడు. తనను సంప్రదించకుండా నిరసనలను నిలిపివేయడంపై ఆయన కింగ్‌తో తీవ్రంగా విభేదించాడు. మే 10న దుకాణాలలో వివక్ష తొలగింపుకు, నల్లవారికి ఉద్యోగాలకు ఒప్పందం కుదిరింది. సెప్టెంబరు 15న పదహారవ వీధి బాప్టిస్టు చర్చిపై జరిగిన బాంబుదాడిలో నలుగురు బాలికలు మరణించారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది.

ప్రాముఖ్యత, పరిమితులు

నగరంలోని నల్లజాతి పాస్టర్లందరూ ఈ సంస్థను సమర్థించలేదు. సంపన్నులైన నల్లజాతీయులలో కొందరు దీని తీవ్ర ధోరణికి దూరంగా ఉన్నారు. అయినను నిషేధం, బాంబులు, అరెస్టుల నడుమ ఏడేళ్ల పాటు వారం వారం సభలు సాగడం వలననే 1963లో వేలాదిమంది ఒక్క పిలుపుకు కదిలారు. చర్చిపై దాడి చేసినవారిలో ముగ్గురికి 1977, 2001, 2002 సంవత్సరాలలో శిక్షలు పడ్డాయి. 2008లో నగర విమానాశ్రయానికి షటిల్స్‌వర్త్ పేరు చేర్చారు. ఆయన 2011 అక్టోబరు 5న మరణించాడు. 2017లో బర్మింగ్‌హామ్ పౌరహక్కుల ప్రాంతం జాతీయ స్మారకంగా ప్రకటించబడింది.