మన చదువులలో సవాల్, ముహాసబా – కొంత చరిత్ర

పిల్లలకు ఆలోచించడం నేర్పాలి, తమను తాము పరీక్షించుకోవడం నేర్పాలి అని ఉపాధ్యాయ శిక్షణ తరగతులలో ఈ మధ్య తరచు చెబుతున్నారు. మంచిమాటే. అయితే ఇది నిన్న మొన్న పడమటి దేశాల నుంచి దిగిన సరుకు అన్నట్లు చెబుతారు. మనవాళ్ళు కూడా "మన మదరసాలలో ఎప్పుడూ బట్టీయే గదా" అని తల ఊపుతారు. అది సగమే నిజం. తక్కిన సగం మన నెల్లూరు సీమకు కూడా సంబంధించినది గనుక సంఘ సభ్యుల ముందు ఉంచుతున్నాను.

ముహాసబా అనగా లెక్క చూసుకోవడం. 857లో బగ్దాదులో మరణించిన హారిస్ అనే పండితుడు దీనిమీదనే జీవితం గడిపినందువలన ఆయనకు ముహాసిబీ అన్న పేరే నిలిచిపోయింది. ఆ తర్వాత ఇమామ్ గజాలీ (1058–1111) రహ్మతుల్లా అలైహి తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలోని 40 భాగాలలో 38వ దానిని మురాఖబా, ముహాసబాలకు, 39వ దానిని తఫక్కుర్‌కు, అంటే ఆలోచనకు కేటాయించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం గమనించదగినది. ఆయన చూపిన ఉపమానం వర్తకునిది. వర్తకుడు భాగస్తునితో ముందు షరతు చేసుకుంటాడు, పగలంతా కనిపెట్టి ఉంటాడు, సాయంత్రం లెక్క అడుగుతాడు. మనిషి తన మనసుతో కూడా అలాగే చేయాలంటారు. మన బజారులో చిట్టా చూసుకోకుండా కొట్టు కట్టే షావుకారు ఎవరైనా ఉన్నాడా? చదువుకునే పిల్లవాడికి మాత్రం ఆ చిట్టా మనం ఇవ్వలేదు.

ఇక తరగతి గదిలో మౌనం సంగతి. ఇబ్నె ఖల్దూన్ 1377లో రాసిన 'ముఖద్దిమా'లో ఒక చిత్రమైన లెక్క ఉన్నది. మొరాకోలో విద్యార్థులు 16 ఏళ్ళు మదరసాలో ఉండవలసివచ్చేది, ట్యూనిస్‌లో 5 ఏళ్ళే. ఇంత తేడా ఎందుకు? మొరాకో విద్యార్థులు పాఠంలో నోరు విప్పరు, చర్చించరు, అవసరానికి మించి కంఠస్థం చేస్తారు, అందుచేత అన్నేళ్ళు చదివినా విద్య చేతికి రాదు అని ఆయన తేల్చారు. ఆరువందల ఏళ్ళ నాటి మాట! మన పదోతరగతి గదులు చూసి రాసినట్లే ఉన్నది. (ఖురాన్ హిఫ్జ్ సంగతి వేరు. అది అమానత్. దానిని బట్టీతో కలిపి మాట్లాడేవారితో నాకు సమ్మతి లేదు.)

మన దేశంలో ఈ రోగానికి మందు వేసినవారు లక్నో ఫిరంగీమహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748). దర్సె నిజామీ అనే పాఠక్రమం వారి పేరు మీదనే ఉన్నది. తర్కానికి అందులో పెద్దపీట. ఒక్కొక్క శాస్త్రంలో ఒకటి రెండు కఠినమైన పుస్తకాలే పెట్టారు. అవి అర్థం చేసుకున్నవాడు తక్కినవి తనంతట తానే చదువుకోగలడని వారి ఉద్దేశం. విద్యార్థి ముందురాత్రే పాఠాన్ని సొంతంగా చదివి రావాలి, అది ముతాలా. ఉస్తాదు ముందు చదివి సందేహాలు లేవదీయాలి. తర్వాత తోటివాళ్ళతో కూర్చుని పాఠాన్ని మళ్ళీ నడిపించాలి, అది తక్రార్.

ఇక్కడ ఒక సరదా సంగతి. తక్రార్ అంటే మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడం. తెలుగులో తకరారు అంటే తగాదా అయి కూర్చున్నది! అలాగే ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాలు అంటే కాలుదువ్వడం. పిల్లవాడు ఉర్దూ సవాల్ వేస్తే మన ఉపాధ్యాయుల చెవికి తెలుగు సవాలు వినబడుతుందేమోనని నాకు అనుమానం.

ఆ ముల్లా నిజాముద్దీన్ గారి కుమారుడే మౌలానా అబ్దుల్ అలీ బహ్రుల్ ఉలూమ్. షాజహాన్‌పూర్, రాంపూర్, బెంగాల్‌లోని బుహార్‌లలో చదువు చెప్పి, చివరకు వాలాజా నవాబు మహమ్మదలీ ఆహ్వానం మీద మద్రాసు వచ్చారు. నవాబు స్వయంగా ఆయన పల్లకీకి భుజం పట్టారని చెబుతారు. 1810లో కాలం చేసిన ఆ మహనీయుని సమాధి ట్రిప్లికేన్ వాలాజా మసీదు ఆవరణలోనే ఉన్నది. 1801 దాకా మన నెల్లూరు ఆర్కాటు నవాబుల సీమలోనిదే. 1750ల ప్రాంతంలో నవాబు తమ్ముడు నజీబుల్లా ఇక్కడి నుంచే అధికారం చేశాడు. అంటే, హిందూస్తాన్ మొత్తంలో తర్కవిద్యకు పేరుపొందిన ఉస్తాదు మన రాజధానిలోనే పాఠం చెప్పారన్నమాట. ఇది మన పిల్లలకు ఏ పుస్తకంలోనూ కనబడదు.

కుంపిణీ వచ్చాక సంగతి మారింది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో జిల్లాల వారీగా బడుల లెక్కలు అడిగించాడు. నెల్లూరు నుంచీ వెళ్ళాయి. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో, పిల్లలు పద్యాలు చిలకల్లా వల్లిస్తున్నారు గాని అర్థం తెలియదని రాశాడు. నిజమే కావచ్చు. కాని 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం, దాని వెంట పరీక్షలు వచ్చిన తర్వాత చిలక పంజరం మారింది గాని చిలక మారలేదు. పద్యం పోయి నోట్సు వచ్చింది, నోట్సు పోయి గైడు వచ్చింది.

ప్రభుత్వం వారికి ఇది తెలియక కాదు. 1993లో యశ్‌పాల్ కమిటీ చదువు బరువు గురించి చెప్పింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక బట్టీ విడవమన్నది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలను భయం నుంచి విముక్తులను చేయమన్నది. మన రాష్ట్రంలోనే మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి గారు స్థాపించిన రిషీవ్యాలీ బడిలో సాయంత్రం పిల్లలు మాటలు మాని కూర్చుని పొద్దుగుంకడం చూస్తారు, దానిని అస్తాచల్ అంటారు. ఫీజులు కట్టగలిగినవారి బడి అనవచ్చు. పొద్దుగుంకడానికి మాత్రం ఫీజు లేదు గదా.

మన ఉర్దూ మీడియం పిల్లల చిక్కు ఇంకొకటి ఉన్నది. దానిని ఏ కమిటీ పట్టించుకోలేదు. మన తీరంలో పిల్లవాడు ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, వీధిలో తెలుగు, పుస్తకంలో లక్నో ఉర్దూ. వాడికి సందేహం వస్తే నోట్లో మొదట వచ్చే మాట "కైకూ?" క్లాసులో ఆ మాటకు నవ్వుతారు. "క్యోం" అనమని దిద్దుతారు. దిద్దేలోపు సందేహం చచ్చిపోతుంది. వాడికి బుద్ధి లేక కాదు బట్టీ పట్టేది, అడిగే భాషను మనం లాక్కున్నందువలన. వ్యాకరణం రేపు దిద్దవచ్చు, సందేహాన్ని ఈ రోజే విననివ్వాలి.

కొన్నేళ్ళుగా నా తరగతిలో ఆఖరి ఐదు నిమిషాలు ముహాసబా రాయిస్తున్నాను. మూడే లైన్లు: ఈ రోజు ఏం తెలిసింది, ఏం తెలియలేదు, ఏది అడగకుండా ఊరుకున్నాను. ఏ భాషలోనైనా సరే. దానికి మార్కులు లేవు, తప్పులు దిద్దను. మొదటి నెలంతా అందరూ "అంతా తెలిసింది" అనే రాశారు. తర్వాత ఏడో తరగతి పిల్లవాడొకడు రాశాడు: సముద్రం నీళ్ళే మబ్బు అవుతాయంటే వాన ఉప్పగా ఎందుకు లేదు? వాడి తండ్రి ఉప్పు మడుల్లో కూలి. జవాబు చెప్పకుండా, మడిలో నీళ్ళు ఎక్కడికి పోతాయో మీ నాయనను అడిగి రా అన్నాను. మరునాడు వాడే బోర్డు దగ్గర నిలబడి, నీళ్ళు ఎగిరిపోతే మడిలో ఉప్పు ఎలా మిగులుతుందో, సముద్రంలోనూ అలాగే మిగులుతుందని, దక్కనీలో తెలుగులో కలగాపులగంగా తోటివాళ్ళకు చెప్పాడు. ముల్లా నిజాముద్దీన్ గారి తక్రార్ అంటే ఇదే గదా అనిపించింది.

మన సంఘం ప్రతి ఏటా పదోతరగతి మార్కులకు బహుమతులు ఇస్తున్నది. అందులో ఒకటి ఏడాది పొడుగునా ముహాసబా పుస్తకం వదలకుండా రాసిన పిల్లకో పిల్లవాడికో ఇవ్వమని కార్యవర్గానికి అర్జీ ఇచ్చాను. వచ్చే సమావేశంలో చర్చకు పెడతామన్నారు.