కోలారు సీమ, చేతి ఫోన్, తెలుగు అక్షరం – ఒక చారిత్రక పరిశీలన

1902వ సంవత్సరంలో శివనసముద్రం వద్ద పుట్టిన విద్యుత్తు సుమారు 92 మైళ్ళు తీగల వెంట ప్రయాణించి కోలారు బంగారు గనులను చేరినది. ఆ కాలానికి ప్రపంచంలోనే మిక్కిలి పొడవైన విద్యుత్ మార్గాలలో అది ఒకటి. బెంగళూరు నగర వీధులలో విద్యుద్దీపాలు వెలిగినది 1905లో. ఈ సంగతిని గనుల సీమవాసులు నేటికీ సగర్వంగా చెప్పుకొంటారు, చెప్పుకోదగినదే. అయితే ఆ విద్యుత్తును రప్పించినది గని యంత్రాల కొరకే గాని, కూలి లైన్లలోని గుడిసెల కొరకు కాదు. కొత్త సాధనం ఈ నేలకు ముందుగానే వచ్చినది, కాని ఈ నేల మనిషిని ఉద్దేశించి రాలేదు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నూటఇరవై సంవత్సరాలలో ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం పైకి వచ్చి, వెలుపలికి పోయినది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు, 2020లో, ఇదే జిల్లాలోని నరసాపుర పారిశ్రామిక వాడలో మరొక విలువైన వస్తువు తయారు కావటం ఆరంభమైనది. అది ఐఫోన్. (గోదావరి జిల్లాల నుండి వచ్చిన చుట్టాలు నరసాపురం అనగానే లేసులు అల్లే ఊరనుకొంటారు. ఇది ఆ ఊరు కాదు. బెంగళూరు నుండి కోలారు వచ్చే రాజమార్గం మీది ఊరు.) తైవాన్ దేశపు విస్ట్రాన్ కంపెనీ అక్కడ కర్మాగారం నెలకొల్పినది. అదే సంవత్సరం డిసెంబరు 12న వేతనాల విషయమై కార్మికులలో చెలరేగిన ఆగ్రహం విధ్వంసంగా మారి దేశమంతటా వార్త అయినది. కొందరు కార్మికులకు సక్రమంగా, సకాలంలో వేతనం అందలేదని కంపెనీయే ఒప్పుకొన్నది. 2023 అక్టోబరులో ఆ కర్మాగారం టాటా వారి చేతికి వస్తున్నట్లు ప్రకటన వెలువడినది.

ఇక సరిహద్దు దాటి చూస్తే, నాటి చిత్తూరు జిల్లా తూర్పు కొనన, సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ కంపెనీ షియోమీ వారి ఫోన్ల తయారీ ప్రారంభించినది. అక్కడ మొదట తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్ అనే ఫోన్‌ను ఆ ఆగస్టులో విశాఖపట్టణంలో విడుదల చేసినారు. అది ఆండ్రాయిడ్ ఫోన్. ఆ విధంగా లోకంలోని స్మార్ట్‌ఫోన్లను పంచుకొన్న రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లకు రెండు కర్మాగారాలు, ఒకటి కోలారు తెలుగువారి ముంగిట, రెండవది చిత్తూరు తెలుగువారి ముంగిట వెలసినవి. ఈ రెంటిలో ఏది మేలు అన్న ప్రశ్న తల్లిదండ్రులు ఉపాధ్యాయులను తరచు అడిగేదే. దానికి సమాధానం ధరల పట్టికలో కంటె చరిత్రలో బాగుగా దొరుకుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా ఫోన్‌లోని యంత్రభాగాలకు, మనిషి వేలికి నడుమ నిలిచి పనులు నడిపించే వ్యవస్థ. తెరపై అక్షరం రాయటం, కెమెరా తెరవటం, ఏ అప్లికేషన్ దేనిని చూడవచ్చునో చూడకూడదో నిర్ణయించటం – అన్నీ దాని పనులే. ఐఫోన్‌లో యంత్రమూ, వ్యవస్థా, అప్లికేషన్లు అమ్మే అంగడీ ఒకే సంస్థవి. 2007లో వెలువడిన ఈ ఫోన్ పూర్వపు గని కంపెనీ కాలనీ వంటిది. కాలనీకి తన ఆసుపత్రి, తన క్లబ్బు, తన నీరు, తన విద్యుత్తు ఉండేవి. ద్వారం దగ్గర సోదా కూడా ఉండేది. 2008లో వచ్చిన ఆండ్రాయిడ్ కోలారు టమాటా మండీ వంటిది. గూగుల్ సంస్థ దాని మూలాన్ని బహిరంగంగా ఉంచినది. ఎవరైనా తీసికొని, తమకు కావలసినట్లు మార్చుకొని, తమ పేరుతో ఫోన్ చేసి అమ్ముకోవచ్చును. మండీకి ఎవరైనా సరుకు తేవచ్చును. పండినదీ వస్తుంది, కుళ్ళినదీ వస్తుంది.

ఈ రెండే ఎల్లప్పుడూ ఉన్నవని భావించరాదు. అంతకు ముందు నోకియా ఫోన్లలోని సింబియన్ రాజ్యమేలినది. మీటల కొరకు పుట్టిన ఆ వ్యవస్థ తాకుడు తెరకు ఇముడలేక, 2011లో సొంతదారు చేతనే విడిచిపెట్టబడినది. శ్రీపెరుంబుదూరులో 2006లో ఆరంభమైన నోకియా కర్మాగారం 2014 నవంబరులో ఆగిపోయినది. గని మూత చూసిన ఊరివారికి ఆ వార్త వేరుగా వివరించవలసిన పని లేదు. విండోస్ ఫోన్ చూడ చక్కనిది, నడక చురుకైనది, కాని దానికి అప్లికేషన్లు రాసేవారు కరువైనారు. 2014లో రూ.1,999కే ఇంటెక్స్ వారు అమ్మిన ఫైర్‌ఫాక్స్ ఫోన్ కూడా నిలువలేదు. అయితే దాని బీజం నుండి పుట్టిన కాయ్ ఓఎస్ 2017లో జియోఫోన్‌గా, రూ.1,500 డిపాజిట్‌తో పల్లెలకు చేరి, మీటల ఫోన్‌లోనే ఇంటర్నెట్‌ను చూపినది. ఈ వరుసలో ఒక సంగతి గమనింపదగినది. వ్యవస్థలు నశించినది ఎక్కువగా తమ లోపాల వలన కాదు, తమ చుట్టూ తగినంతమంది చేరకపోవటం వలన.

ఇప్పుడు తెలుగు బడికి అన్నిటికంటె ముఖ్యమైన విషయం, అక్షరం. యూనికోడ్ అను ప్రపంచ లిపి ప్రమాణంలో తెలుగుకు 1991లోనే స్థానం దొరికినది. తెలుగుకు 128 గదులు, వెంటనే పక్కన కన్నడానికి 128 గదులు. ఒకే తల్లిలిపి బిడ్డలు అక్కడ కూడా ఇరుగుపొరుగుగా నివసిస్తున్నవి. కాని గది దొరికినంత మాత్రాన దీపం వెలగదు. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిపై తెలుగు పంపితే వరుసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. జనులు ఆంగ్లాక్షరాలలో తెలుగు రాసుకొన్నారు. ఆ అలవాటు నేటికీ వదలలేదు. 2012 జూలైలో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ, మలయాళ లిపులను చేర్చుకొన్నది. 2014 చివర వచ్చిన 5.0లో మెనూలు, ఆదేశాలు సహా వ్యవస్థ అంతా తెలుగులో కనిపించినది. బయటివారు చేసిన కీబోర్డులకు ఆండ్రాయిడ్ తొలినాళ్ళలోనే తలుపు తెరచి ఉంచినందున, బొంబాయి ఐ.ఐ.టి. వారి స్వరచక్ర వంటి భారతీయ లిపుల కీబోర్డులు వచ్చినవి. ఐఫోన్ అటువంటి వాటిని 2014 సెప్టెంబరు వరకు రానీయలేదు. దాని సొంత తెలుగు కీబోర్డు 2015లో వచ్చినది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగును నోటితో చెప్పితే రాసిపెట్టే సౌకర్యం కల్పించినది. అక్షరం రాని అవ్వలు మనుమలకు సందేశం పంపగలిగినది దానివలననే.

ఐఫోన్ మెనూలు తెలుగులో వచ్చినది 2025 మార్చి చివర, 18.4 అనే సంస్కరణతో. తెలుగుతో పాటు కన్నడం, తమిళం మొదలైన మొత్తం పది భాషలకు అప్పుడే ప్రవేశం కలిగినది. ఆండ్రాయిడ్‌కు ఐఫోన్‌కు ఈ విషయంలో పదేళ్ళకు మించిన అంతరం. అందులో సుమారు ఐదేళ్ళు ఆ ఫోన్ కోలారు జిల్లాలోనే తయారవుతూ ఉన్నది. నరసాపురలో దానిని చేతులతో కూర్చిన బిడ్డల మాతృభాషలలో అది పలకలేదు. ఇంగ్లీషు వచ్చినవారే ఐదంకెల ధర పెట్టి కొంటారని తలచినారేమో గాని, భాషకు దారి వేయకుండా భాషవారు రాలేదనటం న్యాయం కాదు.

దీనికి నడుమ 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగినది. "జ్ఞా" అనే అక్షరం ఐఫోన్‌ను పడగొట్టినది. ఆ దినాలలో పత్రికలు రాసినట్లు మామూలు "జ్ఞా" కాదు. జకారం కింద ఞకారం చేరిన తరువాత, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని ఒక విభజన చిహ్నం చొరబడినప్పుడు మాత్రమే. ఆ కూర్పు సందేశంగా వస్తే అప్లికేషన్ మూతపడి మరల తెరుచుకొనేది కాదు. తెరపై సూచనగా వస్తే ఫోన్ మొత్తం స్తంభించేది. తెలుగు ఒక్కముక్క రాని దేశాలలో కూడా ఆకతాయిలు దానిని ఒకరికొకరు పంపుకొన్నారు. జ్ఞానము, విజ్ఞానము, జ్ఞాపకము – బడిలో దినమంతా పలికే మాటలలోని అక్షరమే అది. కైవారం నారేయణ యోగి తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు చెప్పిన సీమ ఇది. ఆయన కాలజ్ఞానం పేరులోనే ఆ అక్షరం కలదు. లోపం లిపిది కాదు, లిపిని తెరపై కూర్చే ప్రోగ్రాములోనిది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకు కూడా ఇదే గతి పట్టినదని పరిశీలకులు తేల్చినారు.

అయితే ఇక్కడే ఐఫోన్ పద్ధతిలోని బలం కూడా తెలియవచ్చినది. విషయం వెల్లడైన కొద్ది దినాలకే, ఫిబ్రవరి 19న, దిద్దుబాటు వెలువడినది. అదే దినం లోకమంతటి ఐఫోన్లకు అందుబాటులోకి వచ్చినది. అదే ఆండ్రాయిడ్ అయితే గూగుల్ దిద్దిన తరువాత, ఫోన్ చేసిన కంపెనీ దానిని తన ఫోన్‌కు సరిపరచి పంపవలెను. ఖరీదైన ఫోన్‌కు త్వరగా పంపుతారు, చౌక ఫోన్‌కు ఆలస్యంగా పంపుతారు, పాత ఫోన్‌కు పంపనే పంపరు. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా రక్షణ దిద్దుబాటు అందినది. ఆనాటి చౌక ఆండ్రాయిడ్ ఫోన్లకు రెండేళ్ళు అందితే గొప్ప. 2014లో ఆండ్రాయిడ్ వన్ పథకం ఈ కొరత తీర్చబోయినది గాని బజారులో నిలదొక్కుకోలేదు. 2023, 2024 సంవత్సరాలలో గూగుల్, సామ్‌సంగ్ వారు ఏడేళ్ళ హామీ ఇచ్చినారు. అదీ వారి ఖరీదైన ఫోన్లకు. కనుక చౌక ఫోన్ నిజంగా ఎంత చౌక అన్నది, అది ఎన్నేళ్ళు కావలి కాయబడుతుందో చూచి లెక్కింపవలసినది.

మండీలోని కుళ్ళు సరుకు ఎంత హాని చేయగలదో 2020 చివర తెలంగాణలో బయటపడినది. క్షణాలలో అప్పు ఇస్తామన్న అప్లికేషన్లు, అప్పు తీసికొన్నవారి ఫోన్‌లోని పేర్లు, నంబర్లు, చిత్రాలు లాగుకొని, బంధుమిత్రులకు అవమానకరమైన సందేశాలు పంపి వేధించినవి. ప్రాణాలు తీసికొన్నవారున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అరెస్టులు చేసినారు, గూగుల్ తన అంగడి నుండి పలు అప్లికేషన్లను తొలగించినది. అప్పుల అప్లికేషన్లు ఫోన్‌లోని పేర్లను, చిత్రాలను చూడరాదని అది నిషేధించినది మాత్రం 2023 మే చివరినుండి. చిరుద్యోగులు, కూలివారు చేతబట్టినది ఆండ్రాయిడే గనుక దెబ్బ వారికే ఎక్కువగా తగిలినది. భారతదేశంలో నూరు స్మార్ట్‌ఫోన్లలో తొంభైకి పైగా ఆండ్రాయిడ్‌వే. ఆ ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసినందుకు 2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. బహిరంగమన్న మండీకి కూడా ఒక పెత్తందారు కలడని దీనివలన తేటతెల్లమైనది.

అయినప్పటికీ 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఆదుకొన్నది ఆ చౌక ఫోనే. కర్ణాటక ప్రభుత్వం ఆ ఆగస్టులో విద్యాగమ కార్యక్రమం ఆరంభించి, ఫోన్ లేనివారు, మామూలు ఫోన్ కలవారు, స్మార్ట్‌ఫోన్ కలవారు అని పిల్లలను మూడు తెగలుగా విభజించినది. తండ్రి పనికి పోతూ జేబులో తీసికొనిపోయే ఒకే ఒక ఫోన్ గల ఇంటి బిడ్డ ఏ తెగకు చెందునో ఏ పట్టికలోను తెలియదు. పాఠం అందిన ఇళ్ళలో అది అందినది ఎక్కువగా ఆండ్రాయిడ్ తెర మీదనే. ఆ ధరలో మరొక వ్యవస్థ ఆ పని చేయగలిగి ఉండేది కాదు. ఈ ఒక్క కారణం చేత, సగటు కుటుంబానికి, చదువుకొనే బిడ్డకు ఆండ్రాయిడ్‌నే ఎన్నుకొనవలసి ఉన్నది. అయితే కంపెనీ ఎన్నేళ్ళు దిద్దుబాట్లు పంపుతుందో అడిగి కొనటం, ప్రతి అప్లికేషన్ కోరే అనుమతులను చదివి ఇవ్వటం తప్పనిసరి. పదేళ్ళు వాడదలచి, ధర భరించగలిగినవారికి ఐఫోన్ నష్టం కాదు.

భారతదేశంలో తయారయ్యే ఐఫోన్లలో అధికభాగం ఎగుమతి అవుతున్నది. ఇక్కడ అమ్ముడయ్యే ఏ కొత్త ఫోన్‌నైనా తొలిసారి తెరచినప్పుడు భాషల పట్టిక ఒకటి కనిపిస్తుంది. ఇప్పుడు రెండు వ్యవస్థల పట్టికలోను తెలుగు ఉన్నది, కన్నడం ఉన్నది. అంగడివాడు తానే ఇంగ్లీషు నొక్కి ఫోన్ చేతికి ఇవ్వటం పరిపాటి. తరువాతనైనా సెట్టింగ్స్‌లో భాష అన్నచోటికి పోయి దానిని మార్చుకొనవచ్చును. అందుకు ఒక నిమిషం పడుతుంది.