కాన్యర్స్ నుంచి కమ్మింగ్ దాకా: తేలికైన సైకిలుకి ఏ ఫోర్కు?

ఈసారి చరిత్ర పాఠం సైకిలు మీద. ముందు మూడు మాటలు నేర్చుకుందాం, కింద ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి. దారిలో ఎగుడుదిగుడుగా ఉండే చోటు గతుకు. గతుకులో చక్రం పడితే మన చేతులకి తగిలేది కుదుపు. చక్రం మధ్యలో ఉండే కడ్డీ ఇరుసు. ఫోర్కు, ఫ్రేము, స్ప్రింగు అనే మాటలు మన ఊళ్ల సైకిల్ షాపుల్లో కూడా అలాగే వాడతారు కాబట్టి వాటికి వేరే మాటలు వెతకక్కర్లేదు. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. ఇరుసు నాకు పుస్తకంలో దొరికిన మాట. గతుకు మాత్రం బస్సు ప్రయాణాల్లో దొరికింది!

వెనక స్ప్రింగు లేకుండా, ముందు ఫోర్కులో మాత్రమే స్ప్రింగు ఉండే మౌంటెన్ బైకుని హార్డ్‌టెయిల్ అంటారు. మా కమ్మింగ్‌లో హా క్రీక్ పార్కు, సెంట్రల్ పార్కు దారులకి ఇలాంటి సైకిలు చక్కగా సరిపోతుంది. మాతో పాటు గుడిలో వాలంటీరుగా పనిచేసే ఒక కాలేజీ కుర్రాడు 1990ల నాటి తేలికైన హార్డ్‌టెయిల్ ఒకటి చవకగా కొన్నాడు. ఫ్రేము బాగుంది, ఫోర్కు మాత్రం పాడైపోయింది. "అంకుల్, 120 మిల్లీమీటర్ల ఫోర్కు ఒకటి అమ్మకానికి ఉంది, వేసేయనా?" అని అడిగాడు. "వద్దు నాన్నా, దెబ్బ తగులుతుంది" అన్నాను. ఎందుకు వద్దన్నానో తెలియాలంటే ఈ ఫోర్కులు ఎలా పుట్టాయో చూడాలి.

మౌంటెన్ బైకు పుట్టినప్పుడు దానికి స్ప్రింగే లేదు. 1970లలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో కొందరు యువకులు 1930ల నాటి బరువైన పాత సైకిళ్లు తీసుకుని కొండ మీద నుంచి మట్టి దారిలో దిగేవాళ్లు. 1976 అక్టోబర్‌లో రీప్యాక్ అనే పందెం మొదలైంది. ఆ పేరు ఎలా వచ్చిందంటే, దిగేటప్పుడు వెనక బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజంతా కాలిపోయేది. కిందికి చేరాక మళ్లీ గ్రీజు కూరాలి. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ లాంటి వాళ్లు ఆ గుంపు నుంచే వచ్చారు. వాళ్లకి కుదుపు ఆపే సాధనాలు రెండే: లావు టైరు, వంచిన మోచేతులు.

మోటర్‌సైకిళ్ల వాళ్లకి అప్పటికే వేరే మార్గం తెలుసు. 1935లో బీఎండబ్ల్యూ కంపెనీ తన ఆర్12 మోటర్‌సైకిలుకి ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం జారే ఫోర్కు పెట్టింది. లోపల నూనె ఉంటుంది. స్ప్రింగు కుదుపుని మింగుతుంది, నూనె ఆ స్ప్రింగు పదే పదే ఎగరకుండా ఆపుతుంది. బుల్లెట్ బండి ముందు భాగం చూసినవాళ్లకి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. ఇందులో స్ప్రింగుది ఒక పని, నూనెది ఇంకో పని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఫోర్కుల ప్రకటనల్లో సగం గందరగోళం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తుంది.

ఆ ఏర్పాటుని సైకిలుకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు పాల్ టర్నర్. ఆయన మోటర్‌సైకిల్ పందేల నుంచి వచ్చిన మనిషి. 1989లో రాక్‌షాక్స్ కంపెనీ మొదలైంది. దాని మొదటి ఫోర్కు పేరు ఆర్‌ఎస్-1. లోపల గాలి, నూనె. కదలిక రెండు అంగుళాలు కూడా లేదు. పందెగాళ్లు చాలామంది నవ్వారు, ఎందుకంటే మామూలు ఫోర్కు కంటే అది బరువు. కానీ 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ కొండ దిగే పందెం గెలిచింది రాక్‌షాక్స్ ఫోర్కుతోనే. నవ్వు తగ్గింది. అదే కాలంలో కొలరాడోలోనే డగ్ బ్రాడ్‌బరీ అనే ఆయన మానిటూ ఫోర్కులు చేశాడు. వాటిలో గాలి లేదు, రబ్బరు లాంటి ముద్దలు ఉంటాయి. విప్పడం, మార్చడం చాలా తేలిక. కానీ ఆ ముద్దలు చలిలో బిగుసుకుపోతాయి. ఏళ్లు గడిస్తే జిగురుగా మారిపోతాయి. మా కుర్రాడి ఫోర్కుకి పట్టిన గతి అదే. విప్పి చూస్తే లోపల పాకం తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు మన జార్జియాకి వద్దాం. మౌంటెన్ బైకు మొట్టమొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1996లో, అట్లాంటాలో. పందెం జరిగింది అట్లాంటాకి తూర్పున ఉన్న కాన్యర్స్‌లో, గుర్రాల పోటీలకి కట్టిన పార్కులో. తేదీ జూలై 30. జూలైలో జార్జియా ఎండ, ఉక్క ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. దారిలో ఎర్రమట్టి, వేర్లు, గ్రానైటు బండలు. మగవాళ్లలో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన బార్ట్ బ్రెంట్యెన్స్ 2 గంటల 17 నిమిషాల్లో గెలిచాడు. స్విట్జర్లాండ్ ఆటగాడు థామస్ ఫ్రిష్‌నెక్ట్ రెండో స్థానం, ఫ్రాన్స్ కుర్రాడు మిగేల్ మార్టినెజ్ మూడో స్థానం. ఆడవాళ్లలో ఇటలీ నుంచి పావోలా పెజో గెలిచింది. కెనడా నుంచి ఆలిసన్ సిడోర్‌కి వెండి, అమెరికా నుంచి సూసన్ డిమాటేకి కంచు.

ఆ రోజుల్లో పందేనికి సరైన సైకిలంటే తేలికైన హార్డ్‌టెయిల్, ముందు పొట్టి ఫోర్కు. వెనక స్ప్రింగు అప్పటికి ఇంకా బరువు, నమ్మకం తక్కువ. మగవాళ్ల ఒలింపిక్ పందెం రెండు వైపులా స్ప్రింగు ఉన్న సైకిలు మీద గెలవడానికి 2012 లండన్ దాకా పట్టింది. అప్పుడు గెలిచింది చెక్ ఆటగాడు యారోస్లావ్ కుల్హావీ.

కాన్యర్స్ తర్వాత 1998 మోడల్‌గా రాక్‌షాక్స్ వాళ్లు సిడ్ అనే ఫోర్కు తెచ్చారు. బరువు సుమారు 1.2 కిలోలు. కదలిక 63 మిల్లీమీటర్లు. గొట్టాలు 28 మిల్లీమీటర్ల లావు, అంటే ఈనాటి లెక్కలో సన్నవి. బరువైన మనిషి బ్రేకు గట్టిగా పడితే ఫోర్కు కాళ్లు వెనక్కి వంగడం కంటికి కనిపించేది. ఈనాటి సిడ్, లేదా ఫాక్స్ కంపెనీ తేలిక ఫోర్కు తీసుకుంటే బరువు సుమారు 1.3 నుంచి 1.5 కిలోలు. అంటే ఇన్నేళ్లలో ఫోర్కు తేలిక కాలేదు! కానీ చక్రం పెద్దదైంది, కదలిక 100 నుంచి 120 మిల్లీమీటర్లకి పెరిగింది, గొట్టాలు 32, 35 మిల్లీమీటర్లకి లావెక్కాయి. ఇంజనీర్లు బరువులో మిగిలించిందంతా గట్టిదనానికి, కదలికకి ఖర్చు పెట్టారు. అందుకే "అన్నిటికంటే తేలికైనది ఏది?" అనేది నా దృష్టిలో తప్పు ప్రశ్న. వంద గ్రాముల తేడా చేతికి తెలియదు. వంగే ఫోర్కు మాత్రం మొదటి మలుపులోనే తెలుస్తుంది.

అడగాల్సిన ప్రశ్న: ఈ ఫ్రేము ఎంత పొడుగు ఫోర్కు కోసం తయారైంది? ముందు ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొడుగైతే హ్యాండిల్ గొట్టం దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. 63 ఉన్న చోట 120 పెడితే దాదాపు మూడు డిగ్రీలు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోయి అటూ ఇటూ తిరుగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. డబ్బా మూత చెంచాతో తీసేటప్పుడు పొడుగు చెంచా అయితే తేలిగ్గా లేస్తుంది కదా. ఫోర్కు కూడా అలాంటి చెంచానే. పొడుగు పెరిగిన కొద్దీ ప్రతి గతుకూ ఫ్రేము ముందు అతుకుని ఎక్కువ బలంతో మీటుతుంది. పాత తేలిక ఫ్రేముల గొట్టాలు పలచన. అతుకు చీలితే మనిషి ముఖం మీద పడతాడు. ఆ కుర్రాడికి నేను వద్దన్నది ఇందుకే. చివరికి 80 మిల్లీమీటర్ల పాత గాలి ఫోర్కు దొరికింది, సీళ్లు, నూనె మార్పించి వేసుకున్నాడు.

కొత్త హార్డ్‌టెయిల్ ఉన్నవాళ్లకి పని సులువు. ఫ్రేము కంపెనీ 100 అంటే 100, 120 అంటే 120. మా దారులకి 100 చాలు అని నా అభిప్రాయం. అరవై దాటిన మణికట్లకి 120 హాయిగా ఉంటుందని కూడా ఒప్పుకుంటాను. గాలి ఫోర్కులో మీ బరువుకి తగ్గట్టు గాలి కొట్టాలి. కూర్చోగానే మొత్తం కదలికలో 15 నుంచి 20 శాతం కిందికి దిగితే పందెం రకం సైకిలుకి సరిపోతుంది.

ఫోర్కుకీ చక్రానికీ పొత్తు కుదరాలి. 2014లో రాక్‌షాక్స్ వాళ్లు ఆర్‌ఎస్-1 అనే పాత పేరుతోనే కొత్త ఫోర్కు తెచ్చారు. తలకిందులుగా ఉండే అందమైన ఫోర్కు. కానీ దానికి ప్రత్యేకమైన హబ్ కావాలి, మామూలు చక్రం పట్టదు. అలాంటిది ఇప్పుడు చవకగా కనిపిస్తే, చక్రం ఖర్చు కూడా కలుపుకుని లెక్క వేయండి.

పాతది కొంటుంటే జారే గొట్టాల మీద వేలు పెట్టి చూడండి. గోరుకి గీత తగిలితే వదిలేయండి. హ్యాండిల్ లోపలికి వెళ్లే గొట్టం ముందు యజమాని ఫ్రేముకి సరిపోయేలా కోసి ఉంటుంది కాబట్టి మీ ఫ్రేముకి ఎంత పొడుగు కావాలో ముందే కొలుచుకోండి. డబ్బు పంపే ముందు అమ్మేవాళ్లని ఒక ఫొటో అడగండి, ఇరుసు నుంచి ఫోర్కు పై భుజం దాకా టేపు పెట్టి తీసినది.