జపాను చిత్రకథలలోని లఘుప్రణయకథాసంపుటములు

జపానుదేశమున 'మంగా' యనఁబడు చిత్రకథావాఙ్మయమునందు లఘుప్రణయకథల సంపుటములు ప్రత్యేకమైన శాఖ. వీనిఁ జదువువారికి మొట్టమొదటఁ దోఁచున దొక్కటే: ఒక కథ హృదయమును గరఁగించును; దాని ప్రక్కకథ చప్పగా నుండును. ఈ హెచ్చుతగ్గులకుఁ గారణము రచయిత్రుల యశక్తియా, లేక యీ ప్రక్రియ పుట్టి పెరిగిన విధమా యనునది విచారణీయము.

బాలికలకై ప్రత్యేకముగా వెలువడిన జపాను పత్రికలలో మొదటిదగు 'షోజోకై' 1902 లో నారంభమైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరము తెజుకా ఒసాము 1953 లో 'షోజో క్లబ్' పత్రికయందుఁ బ్రారంభించిన 'రిబోన్ నో కిషి' దీర్ఘచిత్రకథకు బాలికాపత్రికలలో గౌరవస్థానము గల్పించినది. పిమ్మట 'నకయోషి', 'రిబోన్' మాసపత్రికలును, 1963 నాఁటి 'మార్గరెట్' వారపత్రికయు వెలువడఁగా, ధారావాహికలకుఁ దోడు ఒక్క సంచికలోనే ముగియు కథల యవసరము గలిగినది. వీనిని 'యోమికిరి' యందురు. పుటల సంఖ్యయు, గడువును సంపాదకవర్గము నిర్ణయించును. క్రొత్త రచయిత్రికిఁ బరీక్షాస్థానమును తఱచుగా నిదియే. కొంతకాలమునకుఁ గథలు చాలినన్ని చేరఁగా నవి 'తంకోబోన్' అను విడిసంపుటముగాఁ గూర్పఁబడును. అనఁగా నిట్టి సంపుటము ఒక్క సంకల్పముతో రచింపఁబడిన కావ్యము గాదు. వేఱువేఱు కాలముల, వేఱువేఱు పుటల కొలఁదికి లోఁబడి వ్రాయఁబడిన ముక్తకముల కూర్పు.

ఇందుకు నిదర్శనము హగియో మోతో రచనలు. ఈమె 1949 లో జన్మించి, 1969 లో 'నకయోషి' పత్రికద్వారా రంగమునఁ బ్రవేశించినది. 1949 షోవాశకమున 24వ సంవత్సరము. ఆ ప్రాంతమునఁ బుట్టిన రచయిత్రులను '24వ యేఁటివారు' అని పిలుచుట వాడుక. ఈమె పది లఘుకథలు 2010 లో 'ఎ డ్రంకెన్ డ్రీమ్ అండ్ అదర్ స్టోరీస్' అను పేర నాంగ్లమున వెలువడినవి. అందు 1970 నాఁటి 'బియాంకా' మొదలు 2007 నాఁటి కథవఱకుఁ గలవు.

'బియాంకా'లో వనమున నాట్యమాడు బాలిక రూపము మనోహరమే. కాని శోకము ముందుగానే సిద్ధపఱుపఁబడినట్లు తోఁచును. సంపుటమునకుఁ బేరిచ్చిన కథ జన్మజన్మములను వెంటాడు విరహమును జెప్పఁబూనినది. సంకల్పము పెద్దది, చోటు చాలదు. 1984 నాఁటి 'హన్షిన్' పదునాఱే పుటలు. అందు దేహములు కలిసి పుట్టిన కవలలలో నొకతె యందఱి ప్రేమను బొందును. రెండవయామె యామె భారమును మోయును. శస్త్రచికిత్సచే విడివడి బ్రదికినయామె తాను ద్వేషించిన సోదరి పోలికనే పొంది, పోయినది యామెయో తానో యని దుఃఖించును. ఇది ప్రణయకథ గాదు. అయినను బ్రేమను గూర్చి తక్కిన కథలకంటె నెక్కువ చెప్పినది. నోదా హిదేకి దీని నాధారముగాఁ గొని 1986 లో నాటకమును బ్రదర్శించెను.

అమరుకుని ముక్తకములు ప్రబంధములవలె రసమును స్రవించునని యానందవర్ధనుఁడు ధ్వన్యాలోకమునఁ దెలిపియున్నాఁడు. కావునఁ గొలఁది చిన్నదగుట దోషము గాదు. కొలఁదికి మించిన వస్తువును గ్రహించుటయే దోషము. హగియో కథల తారతమ్యమునకు నిదియే మూలము.

అట్లైన దుర్బలకథలను దొలఁగించి యుత్తమములనే కూర్పరాదా యని కొంద ఱనవచ్చును. పఠితకది లాభమే, చరిత్రకారునకు నష్టము. 'బియాంకా' లేకున్నచో, పదునాలుగేండ్లలో నా రచయిత్రి యెంతదూరము నడచి 'హన్షిన్'ను జేరెనో తెలియరాదు. లఘుకథాసంపుటములను బరిష్కరించువారు సరసతతోఁబాటు రచనాకాలక్రమమును గాపాడుట యందులకే యావశ్యకము.