వ్రేలికొనకు అందిన తెలుగు పుట

మైదుకూరు అను పేరు అచ్చులో నాలుగక్షరములు. బ్రెయిల్ లిపిలో దానికి ఎనిమిది గళ్లు కావలెను. మ, ఐ, ద, ఉ, క, ఊ, ర, ఉ అని హల్లు ముందును, అచ్చు దాని వెనుకను వరుసగా నిలుచును. గుణింతపు గుర్తులు ఇందు లేవు. ఈ ఎనిమిది గళ్ల వెనుక పెద్ద చరిత్ర కలదు.

ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బ్రెయిల్ (1809-1852) మూడేండ్ల ప్రాయమున, తండ్రి తోలుపని చేయు కొట్టములో గాయపడి చూపు కోల్పోయెను. షార్ల్ బార్బియే కూర్చిన పన్నెండు చుక్కల పద్ధతి వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇమడదు. బ్రెయిల్ దానిని ఆరు చుక్కలకు కుదించి, 1829లో ప్రకటించెను. ఆరు చుక్కలతో 63 రూపములు ఏర్పడును.

మన దేశమున ఒకప్పుడు పలు బ్రెయిల్ పద్ధతులు వాడుకలో నుండెను. ఒకదానిని నేర్చినవాడు మరియొకదానిలోని పుస్తకమును చదువలేడు. 1951లో భారతీ బ్రెయిల్ ఏర్పడిన పిదప తెలుగు 'క'కును హిందీ 'క'కును గుర్తు ఒక్కటే అయినది.

యంత్రముల కాలమున ఇదే చిక్కు వేరొక రూపమున తిరిగి వచ్చినది. 1987లో వెలువడిన 'బ్రెయిల్ ఎన్ స్పీక్' ఏడు మీటల చిన్న పెట్టె. వ్రాసినదానిని పలికి వినిపించెడిది. 2000లో వచ్చిన 'బ్రెయిల్‌నోట్'లో 18 లేక 32 గళ్ల వరుస నుండెను. ప్రతి గడిలోను సన్నని సూదులు లేచుచు దిగుచు నుండును. వీనిని కదలించునది పీడన విద్యుత్తు యొక్క విలోమ క్రియ: కొన్ని స్ఫటికములకు విద్యుత్తు నిచ్చిన అవి వంగును. క్యూరీ సోదరులు 1880లో పీడన విద్యుత్తును కనుగొన్నప్పుడు ఈ ఉపయోగమును ఊహించి యుండరు.

ఇట్టి యంత్రపు జ్ఞాపకములో వెబ్ పుటను దాచుకొని, నెట్ లేకున్నను తెరువవచ్చును. వెబ్ పుట యనగా గుర్తులు తగిలించిన పాఠమే కదా! శీర్షికల గుర్తులు సరిగా నున్నచో విద్యార్థి ఒక శీర్షిక నుండి మరియొక దానికి దుమికి పోగలడు. కాగితపు బ్రెయిల్ సంపుటములలో ఇంత సులువు లేదు.

అయితే మైదుకూరులోని ఉపాధ్యాయు డొకరు పాత ఫాంటులో టైపు చేసిన పాఠమును అట్లు దాచియిచ్చిరనుకొందము. ఆ ఫాంటులు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ఆకారములను ఉంచినవి. కంటికి తెలుగే, యంత్రమునకు మాత్రము అర్థము లేని ఆంగ్లాక్షరముల వరుస. విద్యార్థి వ్రేళ్ల క్రింద లేచునదియు అదియే. పుటను ఫొటో తీసి పెట్టిన ఏమియు లేవదు. 1991 నాటి యూనికోడ్ తెలుగు అక్షరములకు ఒక్కొక్క సంఖ్య నిచ్చినది. ఆ సంఖ్యలను చుక్కలుగా మార్చు పట్టిక, 2002లో మొదలై ఉచితముగా లభించుచున్న 'లిబ్‌లూయీ'లో తెలుగునకును కలదు. అట్టి పట్టిక లేని యంత్రము యూనికోడ్ పాఠమునైనను చదువజాలదు.

పాత ఫాంటును యూనికోడ్‌కు మార్చు సాధనములు ఇప్పుడు దొరకుచున్నవి. మార్చిన పిదప పరీక్ష సులభము: మైదుకూరు అను మాటను తెరచినచో ఎనిమిది గళ్లు లేవవలెను.