నాలుగు పంక్తుల చేవ్రాలు

ఈ-మెయిలు మర్యాదలను గూర్చి ఇంటెల్ సంస్థకు చెందిన శాలీ హాంబ్రిడ్జ్ కూర్చిన నియమావళి 1995 అక్టోబరున వెలువడి ముప్పది యేండ్లు నిండినవి. ఆర్‌.ఎఫ్‌.సి. 1855 అను సంఖ్యతో వెలసిన ఆ పత్రము, ఉత్తరము చివర పెట్టు చేవ్రాలు నాలుగు పంక్తులకు మించకుండుట మేలని చెప్పినది. ఏలయన, నిమిషముల లెక్కన సొమ్ము చెల్లించి ఉత్తరములు చదువుకొనువారు ఆనాడు పెక్కుమంది గలరు గనుక, పంపువాని ఆడంబరమునకు మూల్యము అందుకొనువాడు చెల్లింపవలసి వచ్చెడిది. ఆ యేడే ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు ద్వారము తెఱచినది. ఎదుటివాని సొమ్మును కాలమును తలచి తన పేరు వ్రాసికొనుట యను ఈ ధర్మమునకు మా నెల్లూరు సీమలో ప్రాచీనమైన ఆదర్శ మొకటి కలదు.

రాజుల చేవ్రాళ్ల సంగతి క్లుప్తముగా ముగింతును. వేంగీ చాళుక్యుల తామ్రశాసనముల వలయముపై 'శ్రీ త్రిభువనాంకుశ' యను బిరుదము ముద్రగా నిలిచినది. విజయనగర ప్రభువులు తమ పేరునకు మాఱుగా 'శ్రీ విరూపాక్ష' యని దైవనామము వ్రాసి దానమును స్థిరపఱచిరి. నెల్లూరు జిల్లా శాసనములను బట్టర్‌వర్త్, వేణుగోపాల చెట్టి గారలు మూడు సంపుటములుగా 1905లో ప్రకటించిరి; ఆసక్తి గలవారు వానిని చూడవచ్చును.

నా మనస్సు నిలుచునది పదుమూడవ శతాబ్దమున, మనుమసిద్ధి యేలిన నెల్లూరున. విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి ప్రతి యాశ్వాసము తుదను ఒక చిన్న గద్యమును నిలిపెను. తాను ఉభయకవిమిత్రుడననియు, కొమ్మనామాత్యుని పుత్రుడననియు, పండితుల నారాధించువాడననియు, యజ్ఞము చేసిన సోమయాజి ననియు చెప్పి, ఇది భారతమున ఫలానా పర్వమందలి యిన్నవ యాశ్వాసమని తెలిపి ముగించును. తాటియాకుల త్రాడు తెగి కట్ట చెదరినను, ఒక్క యాశ్వాసమునే యెవరో వేఱుగా వ్రాసికొని పోయినను, ఆ తుది యాకు చేతబట్టినవానికి కర్త యెవరో, ఆ భాగమెక్కడిదో సందేహము లేకుండ తెలియును. అందు చెప్పినది యెంత ముఖ్యమో విడిచినది యంత ముఖ్యము. ప్రభువునకు ఆప్తుడై, ఆయన రాజ్యము కొఱకు ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుని సాయమర్థించెనని ప్రతీతి గల మహానుభావుడు, ఆ గద్యమున తన కొలువును గాని మనుమసిద్ధి పేరును గాని ఎత్తలేదు. శ్రీనాథుడు తన గద్యమున తాతను తండ్రిని స్మరించెను. పోతన తండ్రిని చెప్పి, తన కవిత్వము పరమేశ్వర కరుణవలన గలిగినదనెను. మువ్వురును ఆదరణీయులే యైనను, తిక్కన యెంపికయే నాకు శిరోధార్యము.

గుడ్లూరు వాడైన ఎఱ్ఱన మఱియొక మర్యాద నేర్పెను. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించుచు, తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డి యుండగా, దానిని మూడు శతాబ్దముల నాటి రాజరాజనరేంద్రునకే అంకితముగా నిలిపెను. ఒకరి యుత్తరమునకు తరువాయి వ్రాయువాడు దాని సంబోధనను చెఱపరాదని దీనివలన గ్రహించితిని.

ఇక నేటి చిరునామాలకు వచ్చుసరికి తిక్కన గద్యమందలి ఆ స్పష్టత నిలువదు. 1972 ఆగస్టు 15న పిన్ కోడు వచ్చి నెల్లూరునకు 524001 దక్కినది. 2008లో జిల్లా పేరున పొట్టి శ్రీరాములు గారి పవిత్రనామము చేరినది. 2022లో సూళ్లూరుపేట, శ్రీహరికోటలు తిరుపతి జిల్లాలోనికి పోయినను, శ్రీహరికోట పిన్ కోడు 524124 గానే యున్నది; ఉత్తరము క్రింద పాత జిల్లా పేరు దిద్దకుండ విడిచినవా రిప్పటికిని గలరు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు న్యాయబలము కలిగించినందున, నమ్మకమునకు ఒక సంతకమును, పలకరింపునకు వేఱొక సంతకమును ఏర్పడినవి. ఈ రెండవదానియందే నేడు అతి పెరిగినది: సంస్థ చిహ్నము, మహనీయుల సూక్తి, ఉత్తరముకంటె దీర్ఘమైన న్యాయహెచ్చరిక, ప్రతి జవాబు క్రిందను అవియే మరల మరల.

పేరు, చేయు పని, ఎత్తి పలికెడి ఫోను సంఖ్య యొకటి, అవసరమైనచో చిరునామా, ఇంతియే చాలును. సొంత మొబైలు సంఖ్యను పరిచయము లేని నూర్గురికి పంచనక్కఱలేదు. పరిచితులకు రెండవ జవాబున పేరొక్కటియే తగును. మైపాడు వైపునుండి విదేశమునకు రొయ్యల బేరము వ్రాయువారు మాత్రము, పొడి యక్షరములుగా కుదించిన యింటిపేరును విప్పి వ్రాసి, పిలుచు పేరేదో తెలిపి, ఫోను సంఖ్యకు ముందు మన దేశపు 91 చేర్పవలెను.