ఎం.ఏ. సంగీతానికి గడప కట్టిందెవరు?

కర్ణాటక సంగీతం విశ్వవిద్యాలయానికి ఎలా చేరిందో చెప్పే కథలు మనకు రెండున్నాయి. ఒకటి అభివృద్ధి కథ: గురుకులం, కళాశాల, విశ్వవిద్యాలయం, ఒక్కో మెట్టే ఎక్కుతూ వచ్చామంటుంది. రెండోది పతనం కథ: స్వరలిపి వచ్చింది, పాఠ్యపుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది, సంగీతం పోయింది. ఈ రెండో కథ చెప్పేవారు నేరాన్ని ఎక్కువగా సంగీతశాస్త్రజ్ఞుడు ఆచార్య పి. సాంబమూర్తి నెత్తినే పెడతారు. నాకు రెండూ పొసగవు. ఎం.ఏ.లో చేరడానికి ఏం ఉండాలి, పట్టా పుచ్చుకోవడానికి ఏం చేసి చూపాలి అన్న నియమాలు కాలక్రమంలో ఎలా మారాయో చూస్తే, వాటి వెనక శాస్త్రం కంటే జీతం చెయ్యే ఎక్కువగా కనిపిస్తుంది.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1886లో బరోడాలో మౌలాబక్ష్ బడి, 1901లో లాహోరులో పలుస్కర్ గాంధర్వ మహావిద్యాలయం, 1926లో లక్నోలో భాత్‌ఖండే కళాశాల. మన వైపు 1919లో విజయనగరంలో విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానోద్యోగి ఒకరి అంధుడైన కొడుక్కి సంగీతం చెప్పించడం కోసమే అది మొదలైందని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరుదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు విని, ఆయన్ను అక్కడే అధ్యాపకుడిగా వేశారన్నది మరో ప్రసిద్ధ కథ. 1936లో ద్వారం వారే ప్రిన్సిపాల్ అయ్యారు. కథలో అతిశయోక్తి ఎంతున్నా, ఒక పద్ధతి మాత్రం స్పష్టం: వచ్చినవాణ్ణి కాగితాలు అడగలేదు, వాయించమన్నారు.

ఇక స్వరలిపి మాట. దాన్ని విశ్వవిద్యాలయాల పాపంగా చెప్పేవారు సుబ్బరామ దీక్షితులను మరిచిపోతారు. ఆయన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, అదీ తెలుగులో. అంతకు ముందే తచ్చూరు సింగరాచార్యుల సోదరులు మద్రాసులో స్వరసహితంగా తెలుగు సంగీత గ్రంథాలు వేశారు. అప్పటికి దక్షిణాదిన ఏ విశ్వవిద్యాలయంలోనూ సంగీతశాఖ లేదు. స్వరలిపిని పుట్టించింది సంప్రదాయజ్ఞులే. దాన్ని పరీక్షాపత్రంలోకి ఎక్కించడం తర్వాతి సంగతి.

ఆ తర్వాతి సంగతి 1927 నుంచి 1932 వరకు మద్రాసులో జరిగింది. నా దృష్టిలో అసలు వివాదమంతా ఈ అయిదేళ్లలోనే ఉంది. 1927 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభతో పాటు అఖిల భారత సంగీత సదస్సు జరిగింది. మరుసటి ఏడాది మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. 1931లో అకాడమీ తన సొంత కళాశాల తెరిచింది. దాని ఉద్దేశం కచేరీ విద్వాంసులను తయారుచేయడం కాదు, సంగీతం టీచర్లను తయారుచేయడం. ప్రిన్సిపాల్ టైగర్ వరదాచార్యులు. 1932లో మద్రాసు విశ్వవిద్యాలయం సంగీతంలో డిప్లొమా మొదలుపెట్టింది, ఆ శాఖకూ తొలి అధిపతి టైగరే. రాగాలాపనలో మనోధర్మానికి పెట్టింది పేరైన మనిషి. పాఠ్యప్రణాళిక మనోధర్మాన్ని చంపడానికే పుట్టిందనే వాదం ఇక్కడే తేలిపోతుంది.

మరి ఆ డిప్లొమా ఎవరికి అవసరమైంది? సాంబమూర్తి పాఠం చెప్పింది క్వీన్ మేరీస్ కళాశాలలో, అది ఆడపిల్లల కళాశాల. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటి ఆడపిల్ల గురువుగారి ఇంట్లో ఏళ్ల తరబడి ఉండి నేర్చుకోవడం కుదిరే పని కాదు. డబ్బు పుచ్చుకుని కచేరీ చేస్తే ఇంటి పరువు పోతుందన్నారు. బళ్లో పాట చెప్పి జీతం తెచ్చుకుంటే ఎవరూ వంక పెట్టలేదు. ఆ ఉద్యోగానికి ప్రభుత్వం గుర్తించే కాగితం కావాలి. కాగితం కావాలంటే దానికి ముందు మరో కాగితం, అంటే బడి చదువు పూర్తిచేసిన సర్టిఫికెట్, ఉండాలి. ఇరవై రెండు శ్రుతులు, డెబ్బై రెండు మేళకర్తలు, వాద్యాల నిర్మాణం సిలబస్‌లోకి వచ్చాయంటే అందులో సాంబమూర్తి పాండిత్యమూ ఉంది, టీచరుకు తరగతి గదిలో చెప్పడానికి వీలైన విషయం కావలసిన అవసరమూ ఉంది. రెండో దాన్ని మనం లెక్కలోకి తీసుకోలేదు.

ఈ వాదాన్ని అతిగా సాగదీయకూడదు. చిదంబరంలో 1929లో వచ్చిన కళాశాల సంగీత భూషణం ఇచ్చింది పాడేవారిని దృష్టిలో పెట్టుకునే. 1949లో ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ నాయకత్వంలో మద్రాసులో మొదలైన కేంద్ర కర్ణాటక సంగీత కళాశాలదీ అదే దారి. కాబట్టి జీతం ఒక్కటే కారణం అనను. అయితే విశ్వవిద్యాలయం ఎంచుకున్న దారి మాత్రం టీచర్ల కళాశాలదే.

ఆ దారిలో లోపలికి వచ్చినవాళ్లను గురించి రాస్తాం, బయట ఉండిపోయినవాళ్లను గురించి రాయం. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం 1947లో వచ్చింది. ఆ సంప్రదాయంలో వచ్చి క్షేత్రయ్య పదాలను గొంతులో నిలుపుకున్న కళావంతుల స్త్రీలలో చాలామందికి బడి సర్టిఫికెట్ లేదు. చట్టం వాళ్లకు కళాశాల తలుపు మూసిందని నేను అనడం లేదు. ఆ తలుపు కొలతలే వాళ్లకు సరిపడేలా పెట్టలేదంటున్నాను. పదం సిలబస్‌లో చోటు సంపాదించుకుంది, పాడేవాళ్లు సంపాదించుకోలేదు. నాదస్వరం సంగతీ కొంతవరకు ఇంతే. తిరుపతిలో దేవస్థానం 1959లో పెట్టిన కళాశాల లాంటి చోట్ల దానికి ఆదరణ ఉంది కానీ, ఎం.ఏ. అనగానే మనకు గాత్రం, వీణ, వయొలిన్, మృదంగమే గుర్తొస్తాయి.

అయినా చాలాకాలం తలుపు పూర్తిగా బిగుసుకోలేదు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడన్నదే ఆయన అర్హత. తలుపు బిగుసుకున్నది అధ్యాపక పోస్టులన్నిటికీ ఒకే నియమావళి, ఒకే వేతనశ్రేణి వచ్చాక. 55 శాతం మార్కులతో ఎం.ఏ., ఆపైన నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. సంగీతం నెట్‌లో హిందుస్తానీ, కర్ణాటక, తాళవాద్యాలు, రవీంద్ర సంగీతం ఒకే పేపరు గొడుగు కిందికి వస్తాయి. 2012 నుంచి అన్నీ ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే. అందులో నెగ్గడానికి ఒక్క స్వరం పలకనక్కరలేదు. సంప్రదాయ కళాకారులకు యూజీసీ విడిగా ఒక సందు వదిలింది నిజమే: పేరున్న గురువు దగ్గర నేర్చి, ఆకాశవాణిలో 'ఏ' గ్రేడు ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. 2018 నిబంధనల ప్రకారం దానికీ బి.ఏ. లాంటి డిగ్రీ ఒకటి ఉండి తీరాలి. ఆ లెక్కన బాలమురళి దరఖాస్తు తొలి వడపోతలోనే పక్కకు పోయేది.

ఎం.ఏ.లో చేరే నియమాలు ఇప్పటికీ కొంత మెరుగే. సంగీతం ఒక సబ్జెక్టుగా బి.ఏ., లేదా ఏదో ఒక డిగ్రీతో పాటు ప్రభుత్వ సంగీత కళాశాల డిప్లొమా, ఆపైన పాడించి చూడడం అన్నది మన వైపు చాలాచోట్ల ఉన్న పద్ధతి. నాలుగేళ్ల సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా చేసిన పిల్ల బి.కాం. చదివి వచ్చినా బాగానే నెగ్గుకొస్తుంది. చిక్కంతా బయటికి వెళ్లేటప్పుడే. ప్రాక్టికల్ పరీక్షలో అమ్మాయి భైరవిలో అటతాళ వర్ణం ఎత్తుకుంటుంది. రెండో కాలం అందుకోగానే పరీక్షకుడు చెయ్యెత్తి "చాలమ్మా, చిట్టస్వరం అందుకో" అంటాడు, బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు మరి. తర్వాత పల్లవి. త్రికాలం శుభ్రంగా చేస్తుంది. కల్పనస్వరం కూడా తడబడకుండా వేస్తుంది. ఎడుపు, అంటే పల్లవి ఎత్తుకునే చోటు, అర అక్షరం జరిపి వేయమంటే మాత్రం ఆగిపోతుంది. ఎందుకంటే ఆ స్వరాలు నోటుబుక్కులో రాసుకుని కంఠస్థం చేసినవి. స్వరమేళకళానిధి అనే శాస్త్రగ్రంథం మీద ఆమె రాసిన సమాధానానికి మాత్రం మంచి మార్కులు పడతాయి. మొత్తం కలిపితే ఫస్ట్ క్లాస్.

2024లో వచ్చిన యూజీసీ పీజీ చట్రం, డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినా ప్రవేశపరీక్ష నెగ్గితే ఎం.ఏ.లో చేరవచ్చంటోంది. ఆ మాట నాకు నచ్చింది. ఇంజనీరింగ్ చదివి పదిహేనేళ్లు గురువు దగ్గర పాడిన కుర్రాడికి అది న్యాయం. ఆ ప్రవేశపరీక్ష కూడా నెట్ లాగా జవాబు ఎంచుకునేదే అయితే మాత్రం ఉన్న మేలు కాస్తా పోతుంది. చేరేటప్పుడు అరగంట, వెళ్లేటప్పుడు గంటన్నర కచేరీ, మధ్యలో ఆపకుండా వినాలి. ఆకాశవాణి గ్రేడుకు డిగ్రీ తోక తగిలించడం మానాలి.

దీనికి అడ్డుపడే ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయలేను. చెవితో తూచినప్పుడు శిష్యుడికో బంధువుకో కులంవాడికో ముల్లు మొగ్గుతుందన్న భయంతోనే మార్కులు వచ్చాయి. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. బయటి రాష్ట్రం విద్వాంసులను పిలిచి తెర వెనక కూర్చోబెట్టి వినిపిస్తే కొంత నయం. ఆ విద్వాంసులను పిలిచేది మాత్రం మళ్లీ ఆ శాఖే.